సంక్రాంతి లోపు తీపి పొత్తు: గౌతమి గట్టు పక్కన ఒక పెరటి కేసు

ఫిర్యాదు

ఆత్రేయపురం దాటి వాడపల్లి వైపు వెళ్లే దారిలో, గౌతమి ఏటిగట్టును ఆనుకుని ఉన్న ఊరది. ఇంటి యజమాని విశ్రాంత ఉపాధ్యాయుడు. ఆయనా, ఆయన భార్యా కలిసి మూడు సెంట్ల పెరడు పెంచుతున్నారు. కొబ్బరి చెట్లు, ఒక పంపర పనస, అరటి, గోడ వెంబడి కూరగాయ మడులు ఉన్నాయి. కిందటి శీతకాలంలో గోడ పక్కన ఒకే వరుసలో స్వీట్ కార్న్ వేశారు. మొక్కలు బాగానే ఎదిగాయి, పొత్తులూ వచ్చాయి. తీరా ఒలిచి చూస్తే పళ్లూడిన నోరులా గింజ ఉన్నచోట ఉంది, లేనిచోట లేదు. ఉన్న గింజల్లోనూ తీపి అంతంత మాత్రమే.

విత్తనం మోసమని మాస్టారి తీర్పు. నీళ్లు సరిగా పెట్టలేదని ఆయన భార్య వాదన. పెరటి తోటలకు సలహాలివ్వడం నా వృత్తి కాబట్టి ఇద్దరిలో ఎవరు నెగ్గాలో తేల్చే పని నా మీద పడింది. దానితోపాటు కొత్త కోరిక ఒకటి: ఈసారి పొట్టిగా, త్వరగా కాసే రకం కావాలి, సంక్రాంతికి మనవలు వచ్చేసరికి పొత్తులు చేతికి రావాలి.

కోరికలో అర్థముంది. కొబ్బరి నీడ పోగా ఆ పెరట్లో రోజుకు ఏడెనిమిది గంటల ఎండ పడే చోటు ఎనిమిది చదరపు మీటర్లకు మించదు. మొక్కజొన్న నీడకు ఓర్చుకోదు. పైగా ఏటిగట్టు దగ్గర గాలి ఎక్కువ, ఎత్తుగా పెరిగే రకమైతే ఒక్క గాలివానకు పడిపోతుంది.

అమెరికాలో ఉన్న అమ్మాయి తెచ్చిన విత్తనాల ప్యాకెట్టు కూడా నా ముందు పెట్టారు. 62 రోజుల్లో కోత, నాలుగడుగుల ఎత్తు అని దాని మీద ముద్రించి ఉంది. దాన్ని విత్తడానికి నేను ఒప్పుకోలేదు. మొదటి కారణం చట్టం. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విదేశీ విత్తనం మన దేశంలోకి రావాలంటే ముందుగా దిగుమతి అనుమతి తీసుకోవాలి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం వెంట ఉండాలి. సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టి తెచ్చేది కాదు. మొక్కజొన్నను తినే విదేశీ పురుగు కత్తెర పురుగు. అది మన దేశంలో మొదటిసారి కనిపించింది 2018లో, కర్ణాటకలో. ఏడాది రెండేళ్లలోనే అది ఎంత దూరం పాకిందో చూసినవాళ్లకు ఈ నియమం చాదస్తంగా అనిపించదు.

రెండో కారణం సాగుకు సంబంధించింది. మొక్కజొన్న ఎదుగుదలను రోజులు నిర్ణయించవు, అందిన వేడి నిర్ణయిస్తుంది. రోజు సగటు ఉష్ణోగ్రతలోంచి 10 డిగ్రీలు తీసివేస్తే మిగిలేదే ఆ రోజు పంటకు జమ. చల్లని దేశంలో 62 రోజులకు కూడే జమ, పగలు 29, రాత్రి 19 డిగ్రీలుండే మన డిసెంబరులో ఇంకా ముందే కూడుతుంది. వేసవి పొడుగు పగళ్లకు అలవాటుపడిన రకాన్ని మన శీతకాలపు పొట్టి పగళ్లలో వేస్తే మరీ తొందరపడి మోకాలి ఎత్తులోనే జల్లు (మొక్క తల మీద వచ్చే మగ పూత) తీస్తుంది. దానికి కాసే పొత్తు బొటనవేలంత. పొట్టి రకం కావాలన్నారని అంత పొట్టిది పెడితే తినడానికేమీ మిగలదు.

కిటికీకి వేలాడిన సాక్ష్యం

విత్తనానికి దాచిన పొత్తు ఏదైనా ఉందా అని అడిగాను. వంటింటి కిటికీ ఊచకు రెండు ఎండు పొత్తులు వేలాడుతున్నాయి. ఈ కేసులో తేలవలసిందంతా వాటితోనే తేలింది.

స్వీట్ కార్న్ గింజలో చక్కెర పూర్తిగా పిండిగా మారదు. జన్యువులో ఉన్న చిన్న లోపం ఆ పనిని మధ్యలో ఆపేస్తుంది. అందుకే పచ్చిగా ఉన్నప్పుడు తీపి. ఎండినప్పుడు లోపల పిండి చాలక పైపొర ముడుచుకుపోతుంది. మామూలు మొక్కజొన్న పుప్పొడి వచ్చి పడితే ఆ లోపం కప్పబడిపోయి, ఆ గింజ నున్నగా, బొద్దుగా, పిండితో నిండుతుంది. దీనికి తర్వాతి తరం దాకా ఆగనక్కరలేదు, అదే పొత్తులో, అదే పంటలో కనిపిస్తుంది. మాస్టారి పొత్తుల మీద ముడతల గింజల మధ్య నున్నని నారింజ రంగు గింజలు ధారాళంగా ఉన్నాయి. గట్టుకు అవతల లంకలో (ఏటి ఒండ్రు మేటలో) మొక్కజొన్న చేను ఉంది, ఇంటికి కూతవేటు దూరం. శీతకాలపు ఉదయాల్లో గాలి వచ్చేది ఏటివైపు నుంచే.

"మాస్టారూ, విత్తనం అమ్మినవాడిది తప్పు కాదు. మీ పొత్తుకు తండ్రి లంకలో ఉన్నాడు" అన్నాను. ఆయన నవ్వలేదు గానీ, ఆవిడ నవ్వారు.

ఇక ఖాళీల సంగతి. పొత్తు చివర వేలాడే పీచులో ఒక్కో పోగూ లోపలి ఒక్కో గింజకు చెందినది. ఏ పోగు మీద పుప్పొడి పడదో ఆ గింజ కట్టదు. పీచు మొదట పొత్తు అడుగు నుంచి, ఆఖరున కొన నుంచి బయటికి వస్తుంది. కాబట్టి కొన మాత్రమే బోసిగా ఉంటే నీటి ఎద్దడో, నత్రజని కొరతో, పుప్పొడి ముందే అయిపోవడమో అనుకోవాలి. ఇక్కడ ఖాళీలు పొత్తంతా చెదిరి ఉన్నాయి. అది పుప్పొడి చాలకపోవడానికి గుర్తు. గోడ వెంబడి ఒకే వరుస వేస్తే జల్లు నుంచి రాలిన పుప్పొడిలో అధికభాగం గాలికి పక్కకు పోతుంది, పొరుగు మొక్క పీచు మీద పడేది కొద్దిగా. ఆ కొద్దిలో లంక చేను నుంచి వచ్చింది కూడా కలిసింది. నీటి తడులు సరిగ్గానే ఇచ్చారని ఆవిడకు చెప్పాను, దాంతో వాదన ఇద్దరూ ఓడిపోయినట్టయింది.

ఆ ఎండు పొత్తుల గింజలు విత్తనానికి పనికిరావు. నున్నవి ఎలాగూ సంకరం. ముడతలవి ఏరి విత్తినా, అవి హైబ్రిడ్ నుంచి వచ్చినవి కాబట్టి మొక్కలు తలో తీరుగా వస్తాయి. కోళ్లకు వేయమన్నాను.

తేదీల లెక్క

మామూలు మొక్కజొన్నకూ, స్వీట్ కార్న్‌కూ మధ్య కనీసం 250 మీటర్ల ఎడం ఉండాలంటారు. పెరట్లో అది కుదరదు, లంక రైతును చేను తీసేయమనీ అనలేం. స్థలంలో దొరకని ఎడాన్ని కాలంలో వెతకాలి. రెండు పంటల పూత సమయాల మధ్య మూడు వారాల తేడా ఉంటే చాలు. త్వరగా కాసే రకం అసలు ఉపయోగం నా దృష్టిలో ఇక్కడే ఉంది. పొత్తు పది రోజులు ముందు తినడం దాని తర్వాతి లాభం.

లంకలో వరద తీసి, నేల ఆరి, దుక్కి అయ్యేసరికి నవంబరు నడుస్తుంది. అప్పుడు వేసిన హైబ్రిడ్ శీతకాలంలో రెండు నెలలకు అటూ ఇటూగా, అంటే జనవరిలో జల్లు వేస్తుంది. మాస్టారు కిందటేడు స్వీట్ కార్న్ విత్తింది నవంబరు చివర. అదీ జనవరిలోనే పూసింది.

తప్పించుకునే దారులు రెండు. లంక పూత అయిపోయాక మన పూత వచ్చేలా జనవరి మధ్యలో విత్తడం సులువైనది. వానల భయం ఉండదు, ఏప్రిల్ ఎండలు ముదరక ముందే పొత్తు చేతికి వస్తుంది. పండుగ గొడవ లేకపోతే నా ఓటు దానికే. సంక్రాంతికి కావాలంటే మాత్రం లంక కంటే ముందు పూయించాలి, అంటే అక్టోబరులో విత్తాలి. డెల్టాలో అక్టోబరు, నవంబరు అంటే వాయుగుండాల కాలం. 1996 నవంబరు 6 నాటి తుపాను చూసిన కోనసీమ మనిషి ఎవరూ ఆ నెలను నమ్మరు.

గాలి కంటే నీరే పెద్ద ప్రమాదం. మొక్కజొన్న ఐదారు ఆకుల దశకు వచ్చేదాకా దాని పెరిగే మొగ్గ నేల లోపలే ఉంటుంది. ఆ దశలో మడిలో రెండు మూడు రోజులు నీరు నిలిస్తే మొగ్గ కుళ్లుతుంది, లేదా వేరుకు గాలి అందక ఆకులు పసుపు తిరిగి మొక్క గిడసబారుతుంది. దీర్ఘకాలిక రకమైతే తర్వాత కోలుకుంటుంది. త్వరగా కాసే రకానికి అంత వ్యవధి లేదు. దాని ఆకుల సంఖ్య, జల్లు పుట్టుక ఆ మొదటి మూడు నాలుగు వారాల్లోనే ఖాయమైపోతాయి. ఆ తర్వాత ఎంత ఎరువు పోసినా కొత్త ఆకు రాదు. ఈ రకాల్లో దిగుబడి పోయేది చాలావరకు ఆ రోజుల్లోనే, మనకు తెలిసేది మాత్రం పొత్తు ఒలిచినప్పుడు.

అందుకని విత్తనాన్ని మొదట్లో మడిలో పెట్టకుండా చూరు కింద పెట్టాం. కడియం నర్సరీల్లో ప్రోట్రేలు (నారు పెంచే గదుల ట్రేలు), కొబ్బరి పొట్టు తేలిగ్గా దొరుకుతాయి. మొక్కజొన్నను నారు పోసి నాటకూడదని చాలామంది అంటారు. పదిహేను, ఇరవై రోజుల నారు పీకి నాటితే వాళ్లన్నది నిజమే. ట్రేలో పది, పన్నెండు రోజులే ఉంచి, రెండు మూడు ఆకులప్పుడు వేరుచుట్టూ పొట్టు ముద్ద చెదరకుండా దించితే మొక్కకు తెలియదు కూడా. పన్నెండు రోజులు దాటితే వేరు గది గోడకు తగిలి మెలికపడుతుంది, అప్పుడు నాటినా లాభం లేదు.

రకం విషయంలో కొంత ఆలోచించాల్సి వచ్చింది. హైదరాబాద్ మొక్కజొన్న పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన మాధురి, ప్రియ కాంపోజిట్ రకాలు, అంటే హైబ్రిడ్‌లు కావు. విత్తనం దాచుకునే ఆసక్తి ఉన్నవాళ్లకు నేను వాటినే చెబుతాను. కానీ కాంపోజిట్‌లో మొక్కకూ మొక్కకూ పూతలో కొన్ని రోజుల తేడా ఉంటుంది. లంక పూతకు ముందు దొరికే ఇరుకు వ్యవధిలో ఆ తేడా మంచిది కాదు. రాజమహేంద్రవరంలో దొరికే తక్కువ కాలపు హైబ్రిడ్ తీసుకున్నాం, ఐదడుగులకు మించనిది. గింజ బాగా కుంచించుకుపోయి, తేలిగ్గా ఉంది. అలాంటి విత్తనంలో మొలకకు దాచిన తిండి తక్కువ, తడి ఎక్కువైతే మురిగిపోతుంది. పొట్టును గుప్పిట పట్టి పిండితే నీటి చుక్క రాలకూడదు, ఆ పదును చాలు. ఒక మాట మరవకూడదు: ముడతలు మాత్రమే ఉన్న గింజ రకాన్నీ, ఇలా పూర్తిగా కుంచించుకుపోయే గింజ రకాన్నీ పక్కపక్కన వేయకూడదు. రెండూ తీపివే అయినా ఒకదాని పుప్పొడి మరొకదాని మీద పడితే రెండింటికీ పిండి గింజలే వస్తాయి.

మడి

అక్టోబరు మూడో వారంలో ట్రేలో విత్తనం పడింది. ఆ వారంలోనే మడి తయారైంది. నేల జిగురు ఒండ్రు, ఎండితే పలక, తడిస్తే బంక. అడుగు ఎత్తు బోదెలు తోలించి, మధ్య కాలువలన్నీ పెరటి మూలనున్న మురుగు కాలువలోకి పోయేలా వాలు పెట్టించాను. మాస్టారు ఆ వాలును నీళ్ల బకెట్టు కుమ్మరించి మరీ పరీక్షించారు. బోదెల్లోకి చివికిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ కలిపాం.

నాటింది మూడు మీటర్ల పొడవున ఐదు వరుసలు. వరుసకూ వరుసకూ అడుగున్నర, మొక్కకూ మొక్కకూ జానెడు. చదరంగా నాటడమే ముఖ్యం. ఇంతకంటే తక్కువ చోటుంటే మొక్కలు తగ్గించండి గానీ వరుసలు తగ్గించకండి, నాలుగు వరుసల కిందికి రాకూడదు. డాబా మీద సంచుల్లో పది మొక్కలు పెట్టుకోవచ్చా అని అడిగేవాళ్లకు నేను బెండ, వంగ సూచిస్తాను.

నాటిన కొద్ది రోజులకే ముసురు పట్టింది. కాలువలు నిండి పారాయి, బోదె మీద మాత్రం నీరు నిలవలేదు. నేల ఆరాక కొన్ని మొక్కల లేత ఆకులు మొదలు దగ్గర తెల్లగా పాలిపోయాయి. వరి పండే డెల్టా నేలల్లో తరచుగా కనిపించే జింకు లోపమది, తెల్లమొగ్గ అంటారు. లీటరు నీటికి రెండు గ్రాముల జింకు సల్ఫేటు కలిపి వారం ఎడంతో రెండుసార్లు పిచికారీ చేస్తే సర్దుకుంది. తక్కువ కాలపు రకంలో ఇలాంటిది చూసీ చూడనట్టు వదిలేయకూడదు.

యూరియా మొత్తం చదరపు మీటరుకు నలభై గ్రాములు దాటకుండా మూడు దఫాలుగా వేశాం: నాటిన వారానికి, మోకాలి ఎత్తులో, జల్లు కనబడే ముందు. రెండో దఫాతోపాటు మట్టి ఎగదోశాం. మొదట్లో వచ్చిన పిలకలను పీకేయాలని మాస్టారు పట్టుబట్టారు. వద్దన్నాను. స్వీట్ కార్న్‌కు పిలకలు సహజం, అవి తల్లి మొక్క తిండి లాక్కోవు. పీకితే మొదలు దగ్గర గాయం మిగులుతుంది, అంతే.

కత్తెర పురుగు

ఎదురుచూసిన అతిథే. ఆకు మీద పొర గీకినట్టు తెల్లని మచ్చలు, తర్వాత సుడిలో (మొక్క నడిమి లేత ఆకుల చుట్టలో) రంపపు పొట్టు లాంటి విసర్జన. పురుగు తల మీద తిరగేసిన వై ఆకారం, తోక దగ్గర చతురస్రంగా నాలుగు చుక్కలు ఉంటే అది కత్తెర పురుగే. అరవై మొక్కల మడికి మందు కొట్టే పంపు అవసరం లేదు, మనిషి కళ్లు చాలు. ఉదయం కాఫీ తాగాక ఆవిడ ఆకుల మీద బూజు కప్పినట్టుండే గుడ్ల ముద్దలను నలిపేసేవారు. సుడిలో చేరినవాటిని మాస్టారు పుల్లతో తీసేవారు. సాయంత్రాలు 1500 పీపీఎం వేపనూనె లీటరుకు ఐదు మిల్లీలీటర్లు, సుడి తడిసేలా. రెండు మూడు మొక్కల్లో పురుగు లోతుకు దిగితే సుడిలో పొడి ఇసుక పోయించాను, ఇసుక రాపిడికి అది బతకదు.

పొలంలోనైతే ఎమామెక్టిన్ బెంజోయేట్ వాడతారు, అదీ పనిచేస్తుంది. పెరట్లో మనవలు పచ్చి గింజ కొరికి తినే పంటకు నేను దాన్ని సూచించలేదు. పది, పన్నెండు ఆకులతో ముగిసే మొక్కకు ఒక్కో ఆకూ విలువైనదే గనుక చేతి కాపలాలో ఒక్క రోజు కూడా మానవద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

పూత, కోత

డిసెంబరు రెండో వారంలో జల్లు విచ్చుకుంది. రెండు మూడు రోజుల తేడాతో పీచు వచ్చింది. అప్పటికి లంక చేను ఇంకా నడుము ఎత్తు దాటలేదు, జల్లు ఊసే లేదు. మంచు ఆరాక, ఎనిమిది తొమ్మిది గంటల మధ్య, వరుసల్లో నడుస్తూ కాండాన్ని వేలితో మెల్లగా తట్టమన్నాను. పుప్పొడి పసుపు పొడిలా రాలుతుంది. అంచు వరుసల పొత్తులకు గాలి సరిగా అందదని, కొన్ని జల్లులను కాగితపు సంచిలో దులిపి ఆ పొడిని పీచు మీద చల్లించాం. వారం రోజుల పని. ఈ వారంలో నేల తడి ఆరనివ్వకూడదు.

పీచు గోధుమ రంగుకు తిరగగానే ఉడతలు, రామచిలుకలు పసిగట్టాయి. పాత నైటీ గుడ్డతో ఆవిడ కుట్టిన సంచులు పొత్తులకు తొడిగారు. పీచు పచ్చిగా ఉన్నప్పుడు తొడిగితే పుప్పొడి పడదు కాబట్టి అప్పటిదాకా ఆగాలి.

పీచు వచ్చిన పద్దెనిమిదో రోజు నుంచి గోటి పరీక్ష మొదలు. పొత్తు పైభాగాన కొద్దిగా ఒలిచి గింజను గోటితో నొక్కితే నీళ్లు వస్తే తొందర, పాలు వస్తే కోత, ముద్దగా వస్తే ఆలస్యం. జనవరి మొదటి వారంలో పాలు వచ్చాయి. కోసింది తెల్లవారుజామున. పగటి వేడికి చక్కెర త్వరగా తరిగిపోతుంది, ముడతల గింజ రకాల్లోనైతే ఒక్క రోజులోనే తీపి బాగా పడిపోతుంది. కుంచించుకుపోయే గింజ రకాలు కొంత నయం, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు నిలుస్తాయి.

మధ్య మూడు వరుసల పొత్తులు దాదాపు కొన వరకు నిండాయి. తూర్పు అంచు వరుసలో కొన దగ్గర రెండు వేళ్ల మేర బోసిగా ఉన్నాయి. కొబ్బరి నీడ మధ్యాహ్నం తర్వాత పాకే మూలన నాలుగైదు మొక్కలకు పొత్తే నిలవలేదు. రుజువు కోసం రెండు పొత్తులు కోయకుండా మొక్క మీదే ఎండనిచ్చాం. ఆ రెండింటి మీదా వెతికితే నున్నని గింజలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కనిపించాయి. ఆ కొన్నైనా రావడానికి కారణం లంకలో ఎవరో ముందుగా విత్తిన చిన్న పొలం ముక్క అని తర్వాత తెలిసింది.

పండుగ కాగానే మాస్టారు ఇంకో విడత వేస్తామన్నారు. జనవరి ఇరవై లోపు ట్రేలో పడితే సరేనన్నాను, ఎరువూ మడీ సిద్ధంగానే ఉన్నాయి కదా. ఫిబ్రవరి చివర మరొకటి వేస్తే వేసవి సెలవులకు అందుతుందని ఆవిడ ఆశ. దానికి మాత్రం ఒప్పుకోలేదు. ఏప్రిల్ పూతకు ఎండ 35 డిగ్రీలు దాటుతుంది, పుప్పొడి పీచును చేరేలోపే ఎండిపోతుంది. పైగా ఆ నెలల్లో మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు, వాళ్ల బోరు నీటికి అప్పటికే ఉప్పదనం వస్తుంది. ఆ మడిలో పెసలు చల్లమన్నాను, పూతకు రాగానే మట్టిలో కలిపేయవచ్చు. ఆవిడ గోరుచిక్కుడు వేశారు.